ముఖ్య అతిథి వేసిన బంతి

మా జిల్లాలో బాస్కెట్‌బాల్ ఆటలో రెండు రకాల బంతులుండేవి. ఒకటి ఆటగాళ్లు వేసేది. అది పడొచ్చు, పడకపోవచ్చు. రెండోది ముఖ్య అతిథి వేసేది. అది పడుతుంది. పడవలెనని ఉత్తర్వు ఉంది కాబట్టి పడుతుంది.

నేను ఫోటోగ్రాఫర్ని. క్రీడాశాఖ వారి ప్రారంభోత్సవాలన్నిటికీ ఫోటోలు తీసే పని నాదే. రిబ్బను కత్తిరించడం, జ్యోతి వెలిగించడం, పావురాన్ని వదలడం, ఎగరనని మొరాయించిన పావురాన్ని వెనక నుంచి ఎవరో నెట్టడం, అన్నీ దగ్గరుండి చూసినవాణ్ణి. అందుచేత ఆ ఉత్తర్వు ఎలా పుట్టిందో నాకు తెలుసు. దాని చేతుల్లో పడి ప్రభుదాస్ అనే మనిషి ఏ పాట్లు పడ్డాడో కూడా తెలుసు.

ప్రభుదాస్ వాల్తేరు రైల్వే కాలనీ బిడ్డ. మామూలు గుమ్మాల్లోంచి తల వంచకుండా రాలేనంత పొడుగు. రైల్వే జట్టుకి ఆడాడు, ఆ తర్వాత చెన్నైలో, బెంగళూరులో క్లబ్బులకి జీతం మీద ఆడాడు. గాల్లోకి లేచాడంటే కిందికి రావడం మరిచిపోయినట్టుండేదని అప్పట్లో చూసినవాళ్లు చెబుతారు. చివరికి మోకాలు అరిగింది. ఇక ఎగరొద్దని డాక్టరు చెప్పాడు. ఎగరకుండా ఆడటం ఆయనకి చేతకాదు గనక కోచ్ అయ్యాడు. మా ఊళ్లో బాలికల క్రీడా పాఠశాల ఉంది. అక్కడ బాస్కెట్‌బాల్ విభాగానికి ఎవరూ రాకపోతే ఈయన ఒక సంచీ, ఒక బంతి పట్టుకుని దిగాడు.

వచ్చిన వారంలోనే నూకరత్నాన్ని పట్టుకున్నాడు. ఆ పిల్ల తల్లి జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని చేస్తుంది. ఆ జీడిపాలు తగిలి తల్లి వేళ్లు ఎప్పుడూ నల్లగా, చర్మం ఊడి ఉంటాయి. నూకరత్నం వయసుకి మించి పొడుగు. ఊళ్లో అందరూ వెక్కిరించి వెక్కిరించి, ఆ పిల్లకి భుజాలు ముడుచుకుని గూనిగా నడవడం అలవాటైంది. ప్రభుదాస్ ఆ పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి, భుజాలు వెనక్కి లాగి, ఇక మీదట ఇలాగే నడవాలి, నీ ఎత్తు మీద నీకు ఉద్యోగం వస్తుంది అన్నాడు. నాకూ రైల్వేలో వస్తుందా సారూ అని ఆ పిల్ల అడిగింది. వస్తుందన్నాడు. ఆడిన మాట కాబట్టి ఆయనకి అది బరువైపోయింది.

సరిగ్గా అప్పుడే కూర్మారావు గారు వచ్చారు.

కూర్మారావు గారు జిల్లా క్రీడాభివృద్ధి అధికారి. తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. కాటా రాయిని అరచేతిలో పెట్టుకుని అది ఎంత తక్కువ తూగుతుందో చెప్పగలరని ఆయనకి పేరు. ఆటలంటే ఏమిటో మాత్రం తెలియదు. ఆ సంగతి దాచుకునేవారు కాదు. "పరిచయము లేకపోవుట చేతనే నిష్పక్షపాతముగా వ్యవహరించగలుగుచున్నాను" అనేవారు. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆయన నోట మెమో భాషే వచ్చేది. ఇంట్లో కాఫీ కూడా అలాగే అడుగుతారని వాళ్ల డ్రైవరు చెప్పాడు.

పాఠశాలలో కొత్త కోర్టు కట్టారు. ప్రారంభించడానికి క్రీడల మంత్రిగారు వచ్చారు. ఆయనది మా పక్క నియోజకవర్గమే. పంచె కట్టు, పెద్ద మీసం, అందరినీ పేరు పెట్టి పిలిచే మనిషి. చేతికి బంతి ఇస్తే ఉత్సాహంగా విసిరారు. అది రింగుకి తగిలి, తిరిగొచ్చి, మంత్రిగారి మెడలో దండ మీద పడి, దండని ముఖం మీదికి ఎగదోసింది. బంతిపూల మధ్య నుంచి మీసం ఒక్కటే కనిపిస్తున్న ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. నా కెమెరాది కాదు, నా పక్కవాడిది.

మంత్రిగారు నవ్వి ఊరుకున్నారు. కూర్మారావు గారికి మాత్రం రాత్రంతా కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి ఉత్తర్వు తయారైంది: "ముఖ్య అతిథి వారు ప్రయోగించిన బంతి గమ్యమును చేరకపోవుట శాఖాపరమైన వైఫల్యముగా పరిగణించబడును. ఇకమీదట అట్టి బంతి ప్రథమ ప్రయత్నముననే పడవలెను. ఇందుకు సంబంధిత శిక్షకులే బాధ్యులు."

ప్రభుదాస్ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. నేను బిల్లు కోసం అక్కడే ఉన్నాను. ఎవరో వేసే బంతికి నేనెలా బాధ్యుణ్ణండీ అని అడిగాడు.

"మీరు శిక్షకులు కదా" అన్నారు కూర్మారావు గారు. "బంతికి శిక్షణ ఇవ్వండి."

తర్వాత ఆయన టేపు తీసుకుని స్వయంగా కోర్టుకి వచ్చారు. కొలవడం ఆయనకి ప్రాణం. రింగు పది అడుగుల ఎత్తున ఉందని తేలింది. పది అడుగులని ఎవరు చెప్పారన్నారు. ప్రపంచమంతా అంతేనండీ అన్నాడు ప్రభుదాస్. ప్రపంచం మన శాఖ పరిధిలోకి రాదని, అంత ఎత్తుకి అనుమతి ఏ ఉత్తర్వులోనూ లేదని చెప్పి, రింగుని అక్కడికక్కడే దింపించారు. వారం తిరక్కుండా స్థానిక శాసనసభ్యుడు వచ్చి, తన ఛాతీ ఎత్తున ఉన్న రింగులో బంతిని జాగ్రత్తగా పెట్టారు. పడింది. కాని నేను తీసిన ఫోటో చూసి కూర్మారావు గారి ముఖం మాడిపోయింది. శాసనసభ్యుడు మాసిన బట్టలు బకెట్లో నానబెడుతున్నట్టుంది.

రింగు పది అడుగుల ఎత్తునే ఉండాలి, బంతి పడాలి, ఫోటోలో అతిథి తప్ప ఎవరూ కనిపించకూడదు. ఈ మూడూ కలిపి సాధించమని ప్రభుదాస్ నెత్తిన పెట్టారు. ఆయన తల గోక్కుంటూ ఉండగానే జిల్లా పరిషత్ అధ్యక్షురాలు ఒక టోర్నమెంటు ప్రారంభించడానికి వచ్చారు. ఆవిడ కళ్లు మూసుకుని విసిరారు. బంతి ఎటో పోబోయింది. రింగు కింద బంతి అందుకోవడానికి నిలబడ్డ నూకరత్నం లేచి వేళ్లతో చిన్నగా తట్టింది. అది కుదురుగా రింగులో పడింది. అధ్యక్షురాలు కళ్లు తెరిచి చూసి మురిసిపోయారు. ఫోటోలో బంతీ, రింగూ, ఆవిడ చిరునవ్వూ వచ్చాయి. నూకరత్నం చెయ్యి రింగు వెనక బోర్డు చాటుకి పోయింది.

కూర్మారావు గారు ఆ ఫోటోని చాలాసేపు చూశారు. తర్వాత నూకరత్నాన్ని చూశారు. "ఈ విధానమును ప్రామాణీకరించవలెను" అన్నారు.

ప్రభుదాస్‌కి కోపం వచ్చింది. ఇది ఆట కాదు, మోసమని ముఖం మీదే అన్నాడు. కూర్మారావు గారు నొచ్చుకోలేదు. సొరుగులోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. కప్పు గెలవని విభాగాలన్నిటినీ ఎత్తివేయడానికి సంబంధించిన ఫైలు అది. మా బాస్కెట్‌బాల్ విభాగం ఏనాడూ ఏ కప్పూ గెలవలేదు. ఎత్తేస్తే పొడుగు పిల్లలని ప్రారంభోత్సవ సహాయక దళం అని ఒకటి పెట్టి అందులో చేర్చుకుంటారట, మిగతావాళ్లని ఇళ్లకి పంపేస్తారట. దళంలో ఉన్నవాళ్లకి ఆటగాళ్ల సర్టిఫికెట్లు రావు. సర్టిఫికెట్ లేకపోతే నూకరత్నానికి రైల్వే లేదు, తల్లి పక్కన జీడి షెడ్డు ఉంది.

చివరికి ప్రభుదాస్ ఒక ఒప్పందానికి వచ్చాడు. అతిథుల బంతులు పడేలా చూసే పూచీ ఆయనది. ఈ ఏడు రాష్ట్ర టోర్నమెంటు అయ్యేదాకా ఆ ఫైలు కదలకూడదు. కప్పు గెలిస్తే విభాగం ఉండాలి. సరేనన్నారు కూర్మారావు గారు.

అక్కడి నుంచి ఆయన కోచ్ ఉద్యోగం ఒక వింత దారి పట్టింది.

మా జిల్లాలో అతిథుల బంతి తప్పదన్న పేరు చుట్టుపక్కలకి పాకింది. పక్క జిల్లాలవాళ్లు పిలిచారు. అవతలి జిల్లాలవాళ్లు పిలిచారు. మొదట కోర్టులకే పిలిచేవారు. బంతి వేసి పడితే ఆ సంతోషం ఎలా ఉంటుందో రుచి చూసిన నాయకులు తర్వాత ఊరుకోలేదు. ఈత కొలను ప్రారంభానికి బంతి కావాలన్నారు. రైతుబజారుకి కావాలన్నారు. లారీ మీద ఎక్కించే రింగు ఒకటి చేయించారు, దాని పక్కనే ప్రభుదాసూ పిల్లలూ ఎక్కి ఊరూరా తిరిగారు. ఒకచోట రక్తనిధి కేంద్రం ప్రారంభిస్తూ జిల్లా వైద్యాధికారి గారు బంతి వేశారు, రక్తం ఇవ్వడానికి వచ్చి మంచాల మీద పడుకున్నవాళ్లు పడుకునే చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్‌కి "ప్రత్యేకాధికారి, ప్రారంభోత్సవ బంతులు" అని హోదా ఇచ్చి, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు కూడా ఇచ్చారు.

ఏదైనా చేస్తే సరిగ్గా చేయాలనే జబ్బు ఉంది ఆయనకి. అందుకని అతిథుల విసురుళ్ల మీద పరిశోధన చేశాడు. నేను తీసిన ఫోటోలన్నీ తెప్పించుకుని చూశాడు. కొందరు దేవుడి మీద అక్షింతలు చల్లినట్టు వేస్తారు. కొందరు గంప నెత్తికెత్తుకున్నట్టు లేపి వదిలేస్తారు. క్రీడల మంత్రిగారిది ఎప్పుడూ ఎడం పక్కకి పోతుంది. వీటికి కలెక్టరు విసురు, జడ్పీ విసురు, మంత్రి విసురు అని పిల్లలే పేర్లు పెట్టారు. జట్టులో జ్యోతి అనే చిలిపి పిల్ల ఉంది. అది ప్రతి నాయకుడి విసురునీ అచ్చు దించేది, దండ సర్దుకోవడంతో సహా. రోజూ తిరిగొచ్చి పాఠశాల దగ్గర లారీ దిగాక దొరికిన కాస్త వెలుతుర్లో జ్యోతి ఆ తప్పుడు బంతులన్నీ విసిరేది, మిగతావాళ్లు గాల్లోనే వాటిని తట్టి రింగులో వేసేవాళ్లు. చేత్తో పట్టుకోవడం లేదు, గురి చూడడం లేదు. తప్పిపోతున్న బంతి కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే లేచేది. నేను చాలామంది ఆటగాళ్లని చూశాను, అలాంటి వేళ్లని ఎక్కడా చూడలేదు.

కాని వాళ్లకి సొంతంగా బంతి వేయడం రాలేదు. దానికి టైము లేకపోయింది. పైగా ప్రారంభం కాని చోట అతిథి కంటే ముందు ఎవరి బంతీ పడరాదని ఇంకొక ఉత్తర్వు ఉండేది. లారీ ఆగిన ప్రతి చోటూ ప్రారంభం కానిదే.

రాష్ట్ర టోర్నమెంటు ఆ ఏడు మా ఊళ్లోనే పెట్టారు. మొదటి మ్యాచ్ మొదలైంది. అవతలి జట్టు పిల్ల బంతి వేసింది, తప్పింది. నూకరత్నం గాల్లోకి లేచి అలవాటుగా తట్టింది. రింగులో పడింది. పాయింట్లు అవతలివాళ్లకి. జనం నవ్వారు. మళ్లీ వాళ్లు వేశారు, మళ్లీ తప్పింది, ఈసారి ఇంకో పిల్ల తట్టి పడేసింది. అవతలివాళ్ల కోచ్‌కి ఏం జరుగుతోందో అర్థమయ్యాక వాళ్ల పిల్లలకి గురి చూడకుండా ఊరికే విసరమని చెప్పాడు. మావాళ్లు ఎవరి బంతినీ వృథా పోనివ్వలేదు.

ప్రభుదాస్ టైమ్ అవుట్ అడిగాడు. నూకరత్నం వచ్చి ఆయన ముందు నిలబడి ఏడ్చేసింది.

"సారూ, తప్పిపోతన్న బంతి కనిపిత్తే సెయ్యి నెగిసిపోతంది. నానేటి సెయ్యను?"

ప్రభుదాస్ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఆమె కడుపు మీద పెట్టాడు.

"అటువేపు బంతి అందగానే రింగుకేసి చూడకు. ఇలా కడుపుకి హత్తుకో. అది ఎవరిదో తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు. తర్వాత జ్యోతి వైపు తిరిగాడు. "నువ్వు మన రింగుకి వెయ్యి. బాగా వెయ్యకు. జడ్పీ విసురు విసురు."

ఆ తర్వాత జరిగింది అవతలివాళ్లకి ఈనాటికీ అంతుపట్టి ఉండదు. జ్యోతి కళ్లు మూసుకుని బంతిని ఎటో విసిరేది. అడ్డుకునేవాళ్లు అది ఎటు పోతుందో తెలియక నిలబడిపోయేవాళ్లు. మా పిల్లలకి మాత్రం తెలుసు. లేచి, తట్టి, పడేసి వచ్చేవాళ్లు. అలా మొదటి మ్యాచ్ గెలిచారు, తర్వాతివీ గెలిచారు, ఫైనల్‌కి వచ్చారు. ప్రభుదాస్ ఆ రోజుల్లో సరిగ్గా అన్నం కూడా తినలేదు.

ఫైనల్ నాడు ముఖ్య అతిథి క్రీడల మంత్రిగారు. ముందురోజు కూర్మారావు గారు ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి ఇద్దరు కోచ్‌ల చేతా సంతకాలు పెట్టించుకున్నారు. మంత్రివర్యులు ఏ సమయమున విచ్చేసినను పోటీ అప్పుడే ప్రారంభమైనట్లు భావించవలెను. వారు తూర్పు ముఖముగా నిలిచి బంతిని ప్రయోగింతురు. అట్టి బంతికి రెండు పాయింట్లు లెక్కించి, అది ఏ రింగులో పడినదో ఆ రింగున ఆడుచున్న జట్టుకు కలపవలెను. పాయింట్లు ఎందుకండీ అని రిఫరీ అడిగితే, తూకం వేసి బిల్లులో చూపని సరుకు సరుకే కాదన్నారు కూర్మారావు గారు.

మ్యాచ్ పొద్దున్నే పెట్టారు, ఎండ ముదరక ముందే అయిపోవాలని. మంత్రిగారు రాలేదు. అందరూ కాచుకున్నారు. రిఫరీలు ఇంక ఆగలేమంటే ఆట మొదలుపెట్టారు. అది మామూలు ఆట కాదు. రాజధాని నుంచి వచ్చిన జట్టు గట్టిది, మావాళ్ల విసురుళ్ల కిటుకు కూడా కొంత పట్టేసింది. ఒకసారి వాళ్లు ముందు, ఒకసారి మేము ముందు. చివరి నిమిషం వచ్చేసరికి మావాళ్లు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు.

అప్పుడు సైరన్ వినబడింది. కూర్మారావు గారు రెండు చేతులూ ఎత్తి కోర్టు మధ్యకి పరిగెత్తుకొచ్చారు.

"ఆపండి. ప్రారంభము కాని పోటీ ముగియుటకు వీలులేదు."

అయిపోవస్తోంది కదండీ అన్నాడు రిఫరీ నీళ్లు నములుతూ. అందుకే తొందరగా ప్రారంభించాలన్నారు కూర్మారావు గారు. గడియారం ఆపేశారు. మంత్రిగారు దండతో, చిరునవ్వుతో వచ్చి కోర్టులో నిలబడ్డారు. ఉత్తర్వు ప్రకారం తూర్పు వైపు తిప్పారు. నేను కెమెరా సరి చేసుకుంటూ అటు చూసి గతుక్కుమన్నాను. తూర్పు రింగు రాజధానివాళ్లది. మంత్రిగారి బంతి అందులో పడితే పాయింట్లు వాళ్లకి. ఒక్క పాయింటు తేడా కాస్తా మూడవుతుంది, కప్పు పోతుంది, విభాగం పోతుంది. ఆ బంతిని పడెయ్యాల్సింది మా నూకరత్నమే. పడెయ్యకపోతే ఉత్తర్వు ధిక్కరించినట్టు.

నూకరత్నానికి కూడా అర్థమైంది. రింగు కింద నిలబడి బెంచీ వైపు చూసింది. ప్రభుదాస్ రెండు చేతులూ తన కడుపు మీద పెట్టుకున్నాడు.

మంత్రిగారు విసిరారు. బంతి ఎప్పట్లాగే ఎడం పక్కకి పోయింది. నూకరత్నం లేచింది, బంతిని అందుకుంది, కడుపుకి హత్తుకుంది.

"గాలి" అన్నారు కూర్మారావు గారు. "గాలి ప్రభావము." జెండాలన్నీ కర్రలకి అతుక్కుని ఉన్నాయి.

మంత్రిగారు మళ్లీ వేశారు. తప్పింది. ఆ బంతి వెళ్లి నేల మీద రెండు గెంతులు గెంతి ఆగింది. ఆయన దాని వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఫోటో తీశాను.

"ఏటయ్యా ఇది? ఆ మొదటిపాలి తప్పితే, ఇన్ని ఊళ్లు తిరిగినాను, మరొక్కపాలీ తప్పనేదు. ఇయ్యాలేటయింది?" అన్నారు మంత్రిగారు.

ప్రభుదాస్ బెంచీ మీంచి లేచి, కుంటుకుంటూ కోర్టులోకి వచ్చాడు. నాకు భయం వేసింది. ఆయన ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

"తప్పిందండి" అన్నాడు. "ప్రతిసారీ తప్పింది. మా పిల్లలు పడేసేవారు."

మంత్రిగారు నూకరత్నాన్ని చూశారు. అవునా అని అడగలేదు, కాని ఆ పిల్ల జవాబు చెప్పింది.

"అవును బాబూ. మీది ఎప్పుడూ ఎడం పక్కకే పోద్ది."

కూర్మారావు గారు కళ్లు తేలేశారు. మంత్రిగారు కాసేపు మీసం దువ్వుకున్నారు. తర్వాత మెడలో దండ తీసి కూర్మారావు గారి మెడలో వేశారు, పెట్టుకోవడానికి చోటు లేక.

"అలగైతే ఎలగెయ్యాలో నువ్వు సెప్పు" అన్నారు ప్రభుదాస్‌తో.

లారీ మీద తిరగడం మొదలయ్యాక చూసిన అంతమంది అతిథుల్లో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ప్రభుదాస్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ముందు ఆయన మంత్రిగారిని భుజాలు పట్టుకుని పడమటి వైపు తిప్పాడు. ఎండ కంట్లో పడుతోందండి, రింగు కనబడదు, ఇటు వేద్దాం అన్నాడు. పొద్దుటి ఎండ నిజంగానే తూర్పు నుంచి సూటిగా కొడుతోంది. తూర్పు ముఖము అని కూర్మారావు గారు ఏదో అనబోయారు. మంత్రిగారు చెయ్యి అడ్డంగా ఊపారు.

ప్రభుదాస్ ఆయన్ని పడమటి రింగుకి దగ్గరగా తీసుకెళ్లాడు. పంచె ఎగ్గట్టించాడు. మోకాళ్లు వంచమన్నాడు, మోచెయ్యి లోపలికి పెట్టమన్నాడు, వదిలేటప్పుడు మణికట్టు విరవమన్నాడు. మంత్రిగారు వేశారు, తప్పింది. మోచెయ్యి అన్నాడు ప్రభుదాస్. మళ్లీ వేశారు, తప్పింది. మోచెయ్యండీ అని ఈసారి కొంచెం గట్టిగానే అన్నాడు. మూడోది రింగు అంచు మీద ఒక చుట్టు తిరిగి లోపలికి జారింది. ఎవరి వేలూ తగల్లేదు. మంత్రిగారు చిన్నపిల్లాడిలా ఎగిరారు, ఒక చెప్పు ఎటో పోయింది. మీసం వణకడం నేను కెమెరాలోంచి చూశాను.

స్కోరు రాసే కుర్రాడు ఉత్తర్వు ప్రకారం రెండు పాయింట్లు కలిపాడు. పడమటి రింగు మాది.

రాజధాని కోచ్ కేకలు వేస్తూ వచ్చాడు. ప్రథమ ప్రయత్నముననే పడవలెనని మీ ఉత్తర్వులోనే ఉంది, ఇది ఎన్నో ప్రయత్నమో చూసుకోండన్నాడు. కూర్మారావు గారు స్కోరు బోర్డు వైపు చూశారు, చెప్పు వెతుక్కుంటున్న మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారి బంతి చెల్లదని ఆయన నోటితో ఆయన చెప్పగలరా?

"మొదటివి ప్రయత్నములు కావు. పరిశీలనలు" అన్నారు.

గడియారం మళ్లీ నడిచింది. ఇప్పుడు మావాళ్లు ఒక్క పాయింటు ముందు. రాజధానివాళ్లు బంతి తీసుకుని మా పిల్లల మీదికి వచ్చారు. వాళ్ల పొడుగు పిల్ల తూర్పు రింగుకి వేసింది. తప్పింది. ఎడం పక్కకి, అచ్చు మంత్రి విసురులా వచ్చింది. నూకరత్నం లేచింది. ఆ చెయ్యి పైకి వెళ్లడం, ఆ వేళ్లు విచ్చుకోవడం ఎన్ని ఊళ్లలో చూశానో నేను. తట్టేస్తుందనే అనుకుని కళ్లు మూసుకున్నాను, ఫోటో పోయింది. కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల బంతిని కడుపుకి హత్తుకుని దాని మీద వంగిపోయి ఉంది. చుట్టూ చేతులు లాగుతున్నాయి. ఆట అయిపోయినట్టు విజిల్ మోగింది. విజిల్ మోగాక కూడా వదల్లేదు. ప్రభుదాస్ వచ్చి భుజం తట్టి, ఇక చాలమ్మా, ఇది మనదే అన్నాక నిటారుగా లేచి నిలబడింది. ఆయన అందరి ముందూ ఏడ్చాడు, దాచుకోలేదు.

ఆ తర్వాతి సంగతులు కూడా చెప్పాలి. కూర్మారావు గారు పంపిన నివేదికలో, పోటీని ముగింపు దశలో ప్రారంభించు వినూత్న విధానము వలన విజయము సిద్ధించినదని రాశారు. దానికి ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది, రాష్ట్ర స్థాయి పదవి కూడా వచ్చింది. ఇప్పుడు చాలా జిల్లాల్లో మ్యాచ్‌లని చివరి నిమిషంలోనే ప్రారంభిస్తున్నారు. పాత ఉత్తర్వుని మంత్రిగారు దగ్గరుండి మార్పించారు: ముఖ్య అతిథి బంతి పడవలెను గాని, స్వయముగా పడవలెను. అది వచ్చినప్పటి నుంచి ముఖ్య అతిథులందరికీ అనివార్య కారణాలు పెరిగిపోయాయి. ప్రారంభోత్సవాలు తగ్గి నా వ్యాపారం కొంత దెబ్బతింది. లారీ మీది రింగుని విప్పి పాఠశాలలో రెండో కోర్టుకి బిగించారు. ప్రభుదాస్ ఆ కార్డుని ఎక్కడో పారేసి, పిల్లలకి బంతి ఎలా వేయాలో మొదటి నుంచి నేర్పుతున్నాడు. నూకరత్నానికి రైల్వే సెలెక్షన్స్‌కి పిలుపు వచ్చింది. తల్లి ఆ రోజు షెడ్డుకి వెళ్లకుండా ఆ పిల్లతో పాటు స్టేషన్‌కి వెళ్లింది.

ఫైనల్ నాటి ఫోటోల్లో, మంత్రిగారు గాల్లోకి ఎగిరినదాన్ని పేపర్లన్నీ వేసుకున్నాయి. నేను మాత్రం రెండోది, నేల మీద ఆగిన బంతి వైపు ఆయన చూస్తున్నదాన్ని, పెద్దది చేయించి నా స్టూడియోలో తగిలించాను. మొన్న ఒక సాయంత్రం మంత్రిగారు ముందుగా చెప్పకుండా స్టూడియోకి వచ్చారు. కాళ్లకి కాన్వాస్ బూట్లున్నాయి. వారానికోసారి ప్రభుదాస్ దగ్గరికి వస్తున్నారని విన్నాను గాని నమ్మలేదు. ఆయన ఆ ఫోటో ముందు నిలబడిపోయారు. తీసేస్తానండి అన్నాను.

"తియ్యకు. నాకో కాపీ ఇయ్యి" అన్నారు. ఫోటోలో ఇంకా గాల్లోనే ఉన్న తన చెయ్యిని వేలితో తడిమి చూసుకున్నారు. "ఆ నూకరత్నం గుంట సెప్పింది నిజమే, ఎడం పక్కకే పోతంది. మోచెయ్యి బయటికి పోబట్టే."